ఈ కాళ్ళతోనే బోగాంగ్ ఎక్కాను

మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "కాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" పాప ఎలా ఉంది, ఉద్యోగం ఎలా ఉంది అన్నవి ఆ తర్వాత. కొందరైతే మొహం కూడా చూడకుండా నేరుగా నా పాదాల వైపే చూస్తారు. రెండేళ్ళుగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అందుకని ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి, వడ్డించే చోటికి వెళ్ళిపోతాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి జబ్బు వస్తే ఇంటిల్లిపాదీ కలిసి ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. మా ఇంట్లో జరిగింది. ముందుగా హెచ్చరించేవాళ్ళు మాకు లేకపోయారు. ఆ ఒక్క విషయం తీసేస్తే మిగతాదంతా నేను గొప్పలు చెప్పుకోవడమే అనుకోండి. ఆ హక్కు నాకుందని నా నమ్మకం.

తొంభైతొమ్మిది, జూన్

నేను మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్ని. మాది ప్రొద్దుటూరు. నా ఉద్యోగం మీద తొంభైఎనిమిదిలో ఇక్కడికి వచ్చాం. నేను, మా ఆయన రఘు, ఇంకా బడికి వెళ్ళని మా పాప హారిక. రఘుకి డాండినాంగ్‌లో కార్ల విడిభాగాల గోడౌన్‌లో పని దొరికింది. నా ఆఫీసు సిటీలో. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళందరి పనీ ఒకటే. పాత ప్రోగ్రాములు రాసినవాళ్ళు సంవత్సరానికి రెండంకెల చోటే ఇచ్చారు కాబట్టి రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని సున్నా అనుకుంటాయి. అలాంటి చోట్లు వెతికి సరిచెయ్యడం మా పని. ఎక్కడ ఏ కంప్యూటరు కుప్పకూలుతుందోనని మేం కాపలా కాస్తుంటే, ముందుగా కూలినవి నా కాళ్ళు.

మొదట కడుపు పాడైంది. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది, మర్చిపోయాను. తర్వాత కాలివేళ్ళకి తిమ్మిరి మొదలైంది. ఇక్కడ జూన్ అంటే చలికాలం కదా, మందమైన మేజోళ్ళు వేసుకున్నానని అనుకున్నాను. రాత్రి మేజోళ్ళు విప్పాక కూడా అవి కాళ్ళకి ఉన్నట్టే ఉంది. రెండు రోజులకి స్టేషన్‌లో మెట్లు దిగుతుంటే మోకాళ్ళు ఒక్కసారిగా వదిలేశాయి. రైలింగు పట్టుకుని నిలబడి, పని ఎక్కువై నీరసం వచ్చిందని నాకు నేనే చెప్పుకుని ఆఫీసుకి వెళ్ళాను. మర్నాడు పొద్దున మంచం మీద నుంచి కాళ్ళు కిందపెట్టి లేవబోతే లేవలేకపోయాను. రఘు నన్ను ఎత్తి కార్లో కూర్చోబెట్టారు. హారిక స్కూల్ యూనిఫాంలోనే వెనక సీట్లో కూర్చుంది.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఆ పొద్దున బోలెడంతమంది ఉన్నారు. ఎదురుగా ఒక ముసలాయన చేతికి వంటింటి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, అందులోంచి రక్తం కారుతోంది. ఆయన పేరు పిలిచారు. ఆయన లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళి, నాది కుట్లు వేస్తే పోయేది, ఆ అమ్మాయి కుర్చీలోంచి జారిపోతోంది చూడండి, ముందు ఆమెని తీసుకోండి అని చెప్పి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆయన పేరు నాకు తెలీదు. ఆ కుట్లు ఎప్పుడు వేశారో కూడా తెలీదు. నేను దండం పెట్టుకునేవాళ్ళ వరసలో ఆయన ఇప్పటికీ ఉన్నాడు.

జబ్బుకి ఫ్రెంచి డాక్టర్ల పేరు పెట్టారట, గీయాన్ బారే. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన సైన్యం దారి తప్పి సొంత నరాల మీదే పడుతుందని డాక్టరు చెప్పాడు. నేను రాయదలుచుకున్న వైద్యం అంతే. నాకు తెలిసిందల్లా నీళ్ళు నిండినట్టు పాదాల నుంచి మోకాళ్ళకి, మోకాళ్ళ నుంచి నడుముకి, అక్కణ్ణుంచి చేతులకి అది ఎక్కడం. నర్సు వచ్చి ఒక గొట్టంలోకి ఊదమనేది. నా ఊపిరి ఎంతుందో అందులో తెలుస్తుంది. అది ఛాతీ దాకా ఎక్కితే మిషను పెట్టాలట. ఊదిన ప్రతిసారీ నర్సు మొహం చూసేదాన్ని. అంత భయం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. హారిక మంచం పక్కన నిలబడి ఉంటే, దాని జడ కూడా వెయ్యలేని చేతులు నా పక్కన పడి ఉండేవి.

ఊపిరి మాత్రం నిలబడింది. ఎక్కడం ఆగింది. దిగడానికి నెలలు పడుతుందనీ, పూర్తిగా దిగుతుందో లేదో చెప్పలేమనీ అన్నారు.

సెప్టెంబర్, పత్యం

రిహాబ్‌లో కొన్ని వారాలుంచి మళ్ళీ నడక నేర్పి నన్ను ఇంటికి పంపేటప్పటికి వాకర్ అనే చక్రాల ఊతం పట్టుకుని గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవగలుగుతున్నాను. ఇంటి దగ్గర ఏమేం చెయ్యాలో బొమ్మలు గీసి ఇచ్చారు. రోజూ లేవాలి, నడవాలి, కూర్చుని లేవాలి.

అప్పటికి జమ్మలమడుగు నుంచి మా అత్త, రఘు వాళ్ళమ్మ, వచ్చేసింది. మొదటిసారి విమానం ఎక్కింది, దారి పొడవునా ఏమీ తినలేదట. వచ్చీ రాగానే నన్ను చూసి బావురుమంది, కళ్ళు తుడుచుకుంది, కొంగు బిగించింది. ఆ కొంగు బిగించడంతో నా పని అయిపోయింది.

మనవాళ్ళకి తెలిసిన సేవ ఒకటే, బాలింతకి చేసే సేవ. మా అత్త నన్ను బాలింతని చేసింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కిటికీలు మూత, రోజంతా హీటరు. వంకాయ వద్దు, మజ్జిగ వద్దు, వెల్లుల్లి కారంతో వేడన్నం. "పచ్చి ఒళ్ళు మ్మే, గాలి తగలకూడదు" అనేది. నేను కాలు కదిపితే చాలు పరుగెత్తుకొచ్చేది.

"యాడికి లేస్తాండావు? ఏం కావాల్నో చెప్పు, నేనుండ్లా?"

మధ్యాహ్నం నువ్వుల నూనె కాచి తెచ్చి నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని మర్దన చేసేది. అత్తగారు కోడలి పాదాలు పట్టుకోవడం ఏమిటని నేను ఏడ్చాను. నా చేతుల్లో బలం లేదు కాబట్టి ఆమెని ఆపలేకపోయాను. నూనె గోరువెచ్చగా ఉందని చూస్తే తెలుస్తోంది తప్ప పాదాలకి తెలియడం లేదు. ఆ మాట ఆమెకి చెప్పలేదు.

శని, ఆదివారాలు తెలుగు కుటుంబాలన్నీ క్యారియర్లతో దిగేవి. మంచం చుట్టూ కుర్చీలు వేసుకునేవారు. స్పూను జారితే నాలుగు చేతులు అందుకునేవి. అందరూ మంచివాళ్ళే. ఒక్కరూ నన్ను లేవమనలేదు. నాకూ అది హాయిగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. చక్రాల ఊతం తలుపు వెనక్కి చేరింది. కొన్నాళ్ళకి దాని మీద మా అత్త తడి తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టింది.

మళ్ళీ రిహాబ్‌కి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అక్కడి ఫిజియో నా తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. నమ్మలేక మళ్ళీ కొలిచింది, కండ ఇంకా కరిగిపోయిందట. ఆమె పేరు సరోజ. ఫిజీ నుంచి అక్కడి గొడవల తర్వాత వచ్చి స్థిరపడిన మనిషి. తాతలు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి వెళ్ళారట. యాభై ఏళ్ళు దాటినా ఆంటీ అంటే ఊరుకునేది కాదు. అప్పటిదాకా నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆరోజు టేపు చుట్టి జేబులో పెట్టుకుని, నాలుగు తరాల నాటి తెలుగులో, మధ్యలో ఇంగ్లీషు కలిపి అడిగింది.

"ఇంట్లో నువ్వు ఏం జేస్తవు? టెల్ మీ ది ట్రూత్."

పడుకుంటున్నానని చెప్పాను. దూది, హీటరు, నూనె, తువ్వాళ్ళు, అన్నీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"పద్మా, మీ ఇంటోళ్ళు నిన్ను చానా ప్రేమగా పాడు జేస్తన్నరు."

వచ్చేవారం మీ అత్తను కూడా తీసుకురమ్మంది.

అక్టోబర్, టీ గది

రిహాబ్‌లో ఒక చిన్న వంటగది ఉంది. అక్కడ పేషెంట్లు తమ టీ తామే కలుపుకోవాలని నియమం. సరోజ మా అత్తను తీసుకెళ్ళి అక్కడ ఒక కుర్చీలో కూర్చోబెట్టి తన పనిమీద వెళ్ళిపోయింది. నేను మా అత్త పక్కన ఉన్నాను.

పక్షవాతం వచ్చిన ఒక తెల్లాయన కెటిల్ ఎత్తుతున్నాడు. చెయ్యి వణికి నీళ్ళు బల్ల మీద పోతున్నాయి. ఆయన భార్య ఎదురు కుర్చీలో ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మా అత్త ఆమె వైపు చూసి, రాతిగుండె మనిషి అని నాతో గొణిగింది. ఆయన చక్కెర డబ్బా తియ్యబోయి కింద పడేశాడు. మా అత్త ఆగలేకపోయింది. లేచింది. ఆమె రెండడుగులు వేసేలోగా ఆ భార్య చెయ్యి చాపి మా అత్త మణికట్టు పట్టుకుంది. వద్దన్నట్టు తల ఊపింది. అప్పుడు చూశాం, ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. హ్యాండ్‌బ్యాగు పట్టీ ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి.

ఆయన వంగి డబ్బా తీశాడు. చాలాసేపు పట్టింది. సగం కప్పు టీ కలుపుకుని వచ్చి కూర్చుని తాగాడు. అప్పటిదాకా ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. మా అత్తకి ఇంగ్లీషులో థాంక్యూ ఒక్కటే వచ్చు, వెళ్ళేటప్పుడు అది ఆమెకి చెప్పింది.

ఇంటికొచ్చాక మా అత్త తువ్వాళ్ళు తీసేసి, చక్రాల ఊతం బరబరా లాక్కొచ్చి నా మంచం ముందు నిలబెట్టింది.

"ఆయమ్మకు చేతులు ల్యాకనా? ఉండి గూడ కట్టేసుకోని కూచునింది. లెయ్ పద్మా. నేను పట్టుకోను. పడితే పడు, మళ్ళా లేద్దువు."

ఆ సాయంత్రం నేను వంటింటి దాకా వెళ్ళి కాఫీ కలుపుకున్నాను. పాలు పొంగబెట్టాను, పొయ్యి మీదంతా పోయింది. మా అత్త గుమ్మంలో కూర్చుని రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని చూసింది. నా జబ్బు కాలంలో నాకోసం ఎవరు ఏం చేశారంటే, మొట్టమొదట నేను చెప్పేది ఆ గుమ్మంలో ఆమె కదలకుండా కూర్చోవడం.

మీ ఇంట్లో ఎవరైనా మంచం పట్టి ఉంటే, డాక్టరు లేవచ్చు అన్న రోజు నుంచీ వాళ్ళని లేవనివ్వండి. దూది తీసేయండి, కిటికీలు తెరవండి. చూడలేకపోతే పక్క గదిలోకి వెళ్ళండి.

కొత్త సంవత్సరం

డిసెంబర్ ముప్పయ్యొకటిన మా ఆఫీసులో అందరూ డ్యూటీలో ఉన్నారు. ఏడాదిన్నర ఆ రోజు కోసమే పనిచేశాను, చివరికి నేనొక్కదాన్నే లేను. ఉక్రోషంగా ఉండింది. కొత్త సంవత్సరం పొద్దున మా టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. నేను సరిచేసిన ప్రోగ్రాములన్నీ సవ్యంగా నడిచాయట, ఒక్క ఫిర్యాదూ రాలేదట. నిద్ర లేక గొంతు బొంగురుపోయినా ముందు నాకే చేశానన్నాడు. ఫోన్ పెట్టేసి, ఊతం లేకుండా, గోడ పట్టుకోకుండా, ఇంటి ముందు ఉత్తరాల డబ్బా దాకా నడిచి వెనక్కి వచ్చాను. మండుటెండ. పక్కింటి నస్రీన్ వాళ్ళు, కర్నూలు మనుషులు, అప్పుడే కారు దిగుతున్నారు. నస్రీన్ చేతిలో సామాను నేల మీద పెట్టేసి చప్పట్లు కొట్టింది.

ఇక్కడితో ముగిస్తే చాలామందికి బాగుంటుంది. కానీ అసలు పోరాటం అప్పుడే మొదలైంది. కాళ్ళు నన్ను నిలబెట్టాయి, మనుషులే నమ్మలేదు.

అందరికంటే నమ్మనివాడు మా ఆయన. నా జబ్బు కాలమంతా ఆయన ఏడవలేదు. గోడౌన్ పనీ, వంటా, హారిక బడీ, ఆసుపత్రీ, అన్నీ ఆయనే. నేను లేచాక ఆ భయమంతా బయటికి వచ్చింది. బాత్‌రూమ్ గడియ వేసుకోనివ్వరు. నీళ్ళ గ్లాసు మోయనివ్వరు. ఒక ఆదివారం మధ్యాహ్నం స్నేహితుల ఇంట్లో బార్బెక్యూ విందుకి వెళ్ళాం. నేను పులిహోర ట్రే పట్టుకుని పెరట్లోకి వస్తున్నాను. ఆయన అందరి ముందూ ఎదురొచ్చి ఆ ట్రే నా చేతుల్లోంచి లాక్కున్నారు. ఎవరో పాపం అన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో నేను అరిచాను. ఇంటి ముందు కారు ఆపాక స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అన్నారు.

"ఆ పొద్దున నిన్ను మంచం మీంచి ఎత్తినప్పుడు నీ కాళ్ళు ఎట్ల ఊగినాయో నువ్వు చూడలే. నేను చూసినా."

ఆయన భయం నాకు అర్థమైంది. కోపం మాత్రం పోలేదు.

ఆ తర్వాత బడిలో సంత పెట్టారు. బల్లలు సర్దడానికి, పెట్టెలు మోయడానికి ఎవరి అమ్మలు వస్తారని టీచరు అడిగిందట. హారిక చెప్పిన జవాబు టీచరు గేటు దగ్గర నాకు చెప్పింది. నొచ్చుకుంటాననుకుందేమో, చాలా మెల్లిగా చెప్పింది.

"మై మమ్ డజంట్ క్యారీ థింగ్స్."

మా అమ్మ బరువులు మోయదు అని. అది బాధపడి చెప్పిన మాట కూడా కాదు. మా మమ్ జుట్టు నలుపు అన్నట్టు చెప్పిందట. ఆరోజు నుంచీ నాకు ఒకటే పట్టుదల. జబ్బు మనిషి అన్న పేరు నా మీద ముదిరిపోకముందే దాన్ని వదిలించుకోవాలి.

రెండువేలు

మా అత్త వీసా అయిపోయి వెళ్ళిపోయింది. నేను సగం రోజుల ఉద్యోగంతో మొదలుపెట్టి పూర్తి ఉద్యోగానికి వచ్చాను. సరోజ నన్ను వదల్లేదు. ఆమెకి కొండలు ఎక్కే క్లబ్బు ఒకటుంది. శనివారాలు డాండినాంగ్ కొండల్లో వెయ్యి మెట్లు అని పేరున్న దారికి తీసుకెళ్ళేది. మొదటిసారి సగానికి కూడా చేరలేదు. దసరా నాటికి పైదాకా వెళ్ళాను. పాదాల కింద మాత్రం ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. కిందికి చూస్తేనే నా అడుగు ఎక్కడ పడిందో నాకు తెలుస్తుంది. చీకట్లో నడవలేను. ఈ లోటు పోదేమో అని డాక్టరు అన్నాడు, నేనూ దానితో రాజీపడ్డాను.

వచ్చే ఈస్టర్‌కి క్లబ్బు వాళ్ళు పెద్ద కొండల్లో ఐదు రోజుల నడక పెట్టుకున్నారు. హోతమ్ కొండ దగ్గర మొదలుపెట్టి, బోగాంగ్ హై ప్లెయిన్స్ అనే ఎత్తు మైదానం దాటి, మా విక్టోరియా రాష్ట్రంలోకెల్లా ఎత్తైన బోగాంగ్ కొండ ఎక్కి అవతల దిగడం. తిండీ, టెంటూ వీపున మోసుకుని నడవాలి. సరోజ నన్ను రమ్మంది. నువ్వు ఎక్కగలవని నేను సంతకం పెట్టి చెప్తానంది.

రఘు వద్దన్నారు. వాదించారు, బతిమాలారు, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి పెద్ద తీర్పు కోసం ఫోన్ కార్డు కొనుక్కొచ్చి జమ్మలమడుగుకి చేశారు, అమ్మ వద్దంటుందని ధైర్యం. స్పీకరు పెట్టారు. మా అత్త మొత్తం విన్నది.

"కొండేనా? మన తిరుమల కొండంత ఉంటాదా?"

అంతకంటే పెద్దదని కొడుకు చెప్పాడు.

"అయితే నువ్వు గూడ పో నాయనా. ఆ పిల్ల నడుస్తాది. నువ్వు మాత్రం చేతులు కట్టుకోని నడువు."

రెండువేల ఒకటి, ఏప్రిల్

హారికను నస్రీన్ వాళ్ళింట్లో వదిలి బయల్దేరాం. ముందురోజు సామాను సర్దడంలోనే గొడవ. రఘు తిరుపతి రైలు ఎక్కుతున్నట్టు సర్దారు. స్టీలు క్యారియరు, గాజు సీసాలో ఆవకాయ, చిన్న కుక్కరు, రెండు దుప్పట్లు. సరోజ వచ్చి అవన్నీ కార్పెట్ మీద కుమ్మరించి సగం పైగా తీసేసింది. ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి మాత్రం ఉండనిచ్చింది. అటుకులు, వేయించిన రవ్వ, పల్లీల పొడి చూసి మెచ్చుకుంది.

హోతమ్ దగ్గర కారు దిగి బ్యాగు వీపున వేసుకోగానే నాకు తెలిసిపోయింది. నా బ్యాగులో నా పడక సంచి, ఒక స్వెట్టరు, అంతే. టెంటూ, తిండీ, పొయ్యీ అన్నీ రాత్రికి రాత్రి ఆయన బ్యాగులోకి మారిపోయాయి. ఆయన బ్యాగు తల కంటే ఎత్తుగా ఉంది. అంతమంది ముందు మళ్ళీ ట్రే గొడవ ఎందుకని ఊరుకున్నాను. కానీ మొదటి మైలంతా పళ్ళు నూరుతూనే నడిచాను.

కింద బ్రైట్ అనే ఊళ్ళో చెట్లన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా మారి ఉన్నాయి. ఇక్కడ ఏప్రిల్ ఆకురాలు కాలం, కానీ పైన అది తెలియదు. మంచుకి వంకరలు తిరిగిన యూకలిప్టస్ చెట్లు ఆకు రాల్చవు. వాటి మానుల మీద బెరడు ఊడి, కింద తేనె రంగూ, ఆకుపచ్చా చారలు కనిపిస్తాయి. గడ్డి మొత్తం ఎండి కోసిన వరిమడి రంగులో ఉంటుంది. పొద్దున లేస్తే టెంటు మీద మంచు పేరుకుని రేకులా గట్టిపడేది. పెద్ద మైదానం మీద మంచులో దారి తప్పకుండా ఎప్పుడో నాటిన కర్రలు వరసగా వెళ్తాయి. గాలి ఎంత విసురుగా ఉందంటే మాట మాట్లాడితే పక్కవాళ్ళకి వినపడదు. చెవుల్లో దూది పెట్టిన మా అత్త ఈ గాలిని చూస్తే ఏమనేదో అని నవ్వుకున్నాను.

నేను తల వంచుకునే నడిచాను. చుట్టూ కొండలు చూడాలంటే ఆగి చూడాలి, నడుస్తూ చూస్తే పడతాను. అందుకని ఎక్కువసార్లు ఆగాను, అందరికంటే ఎక్కువ చూశాను. ఆగిన చోటల్లా బూట్లు విప్పి పాదాలు చూసుకోవాలని సరోజ నియమం పెట్టింది. బొబ్బ లేచినా నాకు తెలియదు కదా. రెండో రోజు మడమ దగ్గర ఒకటి కనిపించింది. రఘు నా పాదం ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టరు వేశారు. క్లబ్బు వాళ్ళలో ఎవరికీ అందులో వింతేమీ కనపడలేదు. ఆయన మెడ మీద బ్యాగు పట్టీలు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉండడం నేను అప్పుడు చూశాను. కాస్త బరువు ఇటివ్వమన్నాను. వినపడనట్టు లేచారు.

నాలుగో రోజు బిగ్ రివర్ దాటాలి. పేరు పెద్దది గానీ ఆ నెలలో మోకాళ్ళ లోతే ఉంది. నీళ్ళు మాత్రం మంచు కరిగినంత చల్లన. అవతలి ఒడ్డుకి గొలుసు కట్టి ఉంది. నీళ్ళ కింద గుండ్రాళ్ళు కదులుతున్నాయి, నా అడుగు నాకు కనపడదు. రఘు బ్యాగు దింపి, వీపు మీద ఎక్కు, నేను దాటిస్తాను అన్నారు. సరోజ నా వైపు చూసింది. నేను గొలుసు పట్టుకున్నాను. ఒక్కొక్క రాయినీ కాలితో తడుముతూ, కుదురుకున్నాకే రెండోది వేస్తూ దాటాను. మధ్యలో ఒకసారి మోకాలు వంగింది. చేతులతో వేలాడి మళ్ళీ నిలబడ్డాను. వెనక ఒడ్డున మా ఆయన నీళ్ళలోకి దిగి ఆగిపోవడం తెలిసింది. అవతల ఒడ్డెక్కి కూర్చున్నాక అరికాళ్ళు సూదులతో పొడిచినట్టు మండాయి. చలికి. రెండేళ్ళ తర్వాత నా అరికాళ్ళు నాతో మాట్లాడాయి. నేను ఏడుస్తుంటే దెబ్బ తగిలిందేమోనని రఘు పరుగెత్తుకొచ్చారు. చల్లగా ఉంది, చల్లగా ఉందని ఆయనకి పదిసార్లు చెప్పాను.

ఆ తర్వాత ఎక్కుడు. గంటల తరబడి నిట్టనిలువు. నా కాళ్ళు వణికాయి, వణుకుతూనే ఎక్కాయి. ఐదో రోజు పొద్దున చెట్ల వరస దాటాం, ఆపైన గడ్డీ ఆకాశమే. కొస మీద రాళ్ళు పోగుచేసిన గుట్ట ఉంది. దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. దానికంటే ఎత్తైన చోటు ఈ రాష్ట్రంలో ఎక్కడా లేదు. నేను కిందికి చూడకుండా నిలబడ్డాను. అంత గర్వం నాకు పెళ్ళిలో కలగలేదు, ఉద్యోగం వచ్చినప్పుడు కలగలేదు, బిడ్డ పుట్టినప్పుడు మాత్రం కలిగింది. సరోజ రవ్వలడ్డూలు పంచింది, రాత్రి దారిలోని చెక్క గుడిసెలో నేను చుట్టినవే.

దిగడం ఇంకా కష్టం అని ముందే చెప్పారు. కొండ కొస నుంచి లోయలోకి మెట్లు మెట్లుగా పడిపోయే దారి. మిగతావాళ్ళు ముందుకి వెళ్ళారు. మేమిద్దరం మెల్లిగా దిగుతున్నాం. కొంతదూరం వచ్చాక వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే రఘు ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకున్నారు. మొహం పాలిపోయింది. ఐదు రోజులు ఇద్దరి బరువూ మోసిన మోకాళ్ళు అవి.

నేను బతిమాలలేదు, దెప్పలేదు. నీళ్ళు ఇచ్చి పక్కన నిలబడ్డాను. ఆయన నీళ్ళు తాగి, నా కాళ్ళ వైపు చూశారు. తర్వాత బ్యాగు నోరు విప్పారు.

"పద్మా, ఈ టెంటు నువ్వు మోస్తావా? నాతో కాలేదు."

తీసుకున్నాను. టెంటూ, పొయ్యీ, గిన్నెలూ అన్నీ తీసుకుని నా బ్యాగులో కుక్కి పట్టీలు బిగించాను. భుజాలు కిందికి లాగేశాయి, నడుం కుంగింది. మంచి బరువు. ఒక్క క్షణం నిలదొక్కుకుని, నా చెయ్యి ఆయనకి అందించి లేపాను. ముందు నేను దిగాను, వెనక ఆయన.